రాయాలనుకునేవారి ఒంటరి ప్రయాణం: హైదరాబాద్‌కు వెళ్ళి పని చేసుకుని రావడానికి సమగ్ర మార్గదర్శి

కథో, నవలో, వ్యాసమో రాయాలన్న పట్టుదల ఉన్నవారు జీవితంలో ఒక్కసారైనా ఎవరినీ వెంటబెట్టుకోకుండా పెద్ద నగరానికి వెళ్ళి కొన్ని రోజులు ఉండి రావాలని నా గట్టి నమ్మకం. పెళ్ళికో ఆసుపత్రి పనికో వెళ్ళినప్పుడు ఒక పూట వీలు చూసుకుని చార్మినార్, ట్యాంక్‌బండ్ తిరిగి రావడం వేరు, రాయడం కోసమే బయలుదేరడం వేరు. పక్కన మనవాళ్ళు ఉంటే వాళ్ళతో మాట్లాడుతూ ఉంటాం. ఒంటరిగా ఉన్నప్పుడే బస్సులో ముందు సీటువాళ్ళ మాటలు చెవిన పడతాయి. ఈ మార్గదర్శి హైదరాబాద్ గురించి రాసింది. తెలుగు పుస్తకాల దుకాణాలు, పాత పత్రికల సంపుటాలు, సాహిత్య సభలు, ఇన్ని జిల్లాల తెలుగు, దాని పక్కనే దక్కనీ ఉర్దూ, మరాఠీ, మార్వాడీ ఒకే ఊళ్ళో దొరికే చోటు మనకు ఇంకొకటి లేదు కాబట్టి, శ్రీకాకుళం నుంచి వచ్చేవారికైనా ఆదిలాబాద్ నుంచి వచ్చేవారికైనా మొదటి ప్రయాణానికి ఇదే తగిన నగరం.

మొదటి మెట్టు: చేతిలో ఒక పని పెట్టుకోండి

టికెట్టు కొనడానికి ముందు తేల్చుకోవలసింది ఇదొక్కటే, తక్కినవన్నీ దీని వెనకే వస్తాయి. "రచయితను అవుదామని వెళ్తున్నాను" అనుకుని దిగినవారికి నగరం నాలుగు రోజుల్లో అలసటను, ఖాళీ జేబును మిగులుస్తుంది. "ఈ కథ పూర్తి చేయడానికి నాకు తెలియని విషయాలు ఇవి, వాటి కోసం వెళ్తున్నాను" అనుకుని దిగినవారికి అదే నగరం ప్రతి మలుపులోనూ ఏదో ఒకటి అందిస్తుంది. ఎంత చిన్న పనైనా ఫరవాలేదు, అది ఒక్కటై ఉండాలి.

ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా దానితోనే నడుద్దాం. ప్రభుత్వ ఉద్యోగం కోసం పోటీ పరీక్షలకు చదువుతూ హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఉంటున్న ఒక పల్లెటూరి యువకుడి కథ మీరు రాయాలనుకుంటున్నారు. అతని ఊరు మీకు తెలుసు, అతని తల్లి ఎలా మాట్లాడుతుందో తెలుసు. అతని గది తెలియదు. ఉదయం ఎన్నింటికి లేస్తాడో, చదువుకునే హాలులో కుర్చీ ఎలా దొరుకుతుందో, మధ్యాహ్నం ఎక్కడ తింటాడో, నోటిఫికేషన్ వాయిదా పడిన రోజు సాయంత్రం ఏం చేస్తాడో తెలియదు. ఇలాంటి ప్రశ్నలను ఇంటి దగ్గరే కాగితం మీద రాయాలి. ఇరవై ముప్పై ప్రశ్నలు రాగానే, వాటిలో పుస్తకాల్లో దొరికేవి, కళ్ళతో చూడవలసినవి, మనిషిని అడగవలసినవి అని మూడు రకాలుగా విడదీయాలి. ఈ మూడు పట్టీలే మీ ప్రయాణానికి పటం.

రెండో మెట్టు: ఇంట్లోనే చదవగలిగింది ఇంట్లోనే చదవండి

నగరంలో గడిపే ప్రతి పూటకూ డబ్బు ఖర్చవుతుంది. అంతర్జాలంలో ఉన్నదానికి ఆ పూటను ఖర్చు పెట్టడం అన్యాయం. ఆర్కైవ్.ఆర్గ్‌లో వేలకొద్దీ పాత తెలుగు పుస్తకాలు స్కాన్ చేసి ఉన్నాయి, పత్రికల పాత సంచికలు కూడా కొన్ని దొరుకుతాయి. శీర్షికలు ఇంగ్లీషు అక్షరాల్లో రకరకాలుగా నమోదై ఉంటాయి కాబట్టి ఒకే పుస్తకాన్ని మూడు నాలుగు వర్ణక్రమాలతో వెతకాలి. దొరికినవి దించుకుని చదివి, ఇక్కడ దొరకనివాటి పట్టీ విడిగా తయారు చేసుకోవాలి. గ్రంథాలయానికి తీసుకెళ్ళవలసింది ఆ పట్టీనే.

మన కథకు కావలసిన నేపథ్యాన్ని కూడా ఇంట్లోనే సరిచూసుకోవచ్చు. తెలంగాణలో 2022 అక్టోబరులో జరిగిన గ్రూప్-1 ప్రిలిమ్స్ (మొదటి దశ) పరీక్ష, ప్రశ్నపత్రాల లీకేజీ కారణంగా 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్ళీ జరిపిన పరీక్షను ఆ సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో కొత్త నోటిఫికేషన్ వచ్చింది. మీ పాత్ర ఆ గదిలో ఏ ఏడాది నుంచి ఉంటున్నాడో నిర్ణయిస్తే అతను ఈ దెబ్బల్లో ఏవి తిన్నాడో దానంతట అదే తేలిపోతుంది. ఈ తేదీలు తెలియకుండా అశోక్‌నగర్ వెళ్ళి అక్కడి కుర్రాళ్ళను "పరీక్షలు ఎలా జరుగుతున్నాయి?" అని అడిగితే వాళ్ళు మర్యాదగా రెండు ముక్కలు చెప్పి పుస్తకంలోకి తల దించుకుంటారు. తెలిసినవారిగా "మీరు జూన్ పరీక్ష కూడా రాశారా?" అని అడిగితే ఆ సంభాషణ వేరుగా ఉంటుంది.

మూడో మెట్టు: ఎప్పుడు వెళ్ళాలి, ఎన్నాళ్ళు ఉండాలి

తొమ్మిది రోజులు మంచి కొలత అని నా అభిప్రాయం. ఒక శనివారం ఉదయం దిగి, తర్వాతి వారం ఆదివారం రాత్రి బండి ఎక్కితే మధ్యలో రెండు ఆదివారాలు వస్తాయి. హైదరాబాద్‌లో పుస్తకాల మనిషికి ఆదివారం ఎందుకు ముఖ్యమో ముందు ముందు చెబుతాను. మూడు రోజుల్లో నగరపు మొదటి బెరుకు కూడా తీరదు. నెల రోజులు ఉంటే, మొదటిసారి వెళ్ళినవారికి చేతిలో పని పలచబడి కాలక్షేపం మొదలవుతుంది.

డిసెంబరు అన్నిటికన్నా అనువైన నెల. ఎండ బాధ ఉండదు, ఇందిరా పార్కు దగ్గరి ఎన్టీఆర్ స్టేడియంలో జరిగే పుస్తక ప్రదర్శన సాధారణంగా ఆ నెల రెండో పక్షంలోనే వస్తుంది. తేదీలు ఏటా మారుతాయి, ఒక్కోసారి నెలే మారుతుంది కాబట్టి ప్రకటన వచ్చాకే టికెట్టు తీసుకోవాలి. సాధారణంగా జనవరి 1 నుంచి నాంపల్లిలో నుమాయిష్ అనే పెద్ద ప్రదర్శన ఉంటుంది, జనాన్ని చూడాలనుకునేవారికి అది మంచి చోటు. సంక్రాంతికి అటూ ఇటూ ప్రయాణం పెట్టుకోవద్దు. రైళ్ళలో, బస్సుల్లో చోటు దొరకదు, మీరు కలవాలనుకున్నవారు ఊళ్ళకు వెళ్ళిపోయి ఉంటారు. గణేశ నిమజ్జనం రోజుల్లో రోడ్లు కదలవు. మీ కథే బోనాల గురించో నిమజ్జనం గురించో అయితే ఈ లెక్కలన్నీ తలకిందులవుతాయి, అప్పుడు ఆ రోజుల్లోనే వెళ్ళాలి.

రైలు రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. టికెట్టు తీసుకునేటప్పుడు మీ బండి చివరికి ఏ స్టేషనులో ఆగుతుందో చూసుకోవడం తప్పనిసరి. సికింద్రాబాద్, కాచిగూడ, నాంపల్లి, లింగంపల్లి అన్నీ నగరంలోనే ఉన్నా ఒకదానికొకటి దూరం. కొన్ని బండ్లు ఇప్పుడు 2025 జనవరిలో కొత్తగా ప్రారంభమైన చర్లపల్లి టెర్మినల్ నుంచి నడుస్తున్నాయి. అక్కడికి మెట్రో లేదు, తెల్లవారుజామున దిగితే నగరం నడిబొడ్డుకు చేరడానికి సమయం, డబ్బు రెండూ పడతాయి. కర్నూలు, అనంతపురం వైపు నుంచి వచ్చేవారికి కాచిగూడ బండ్లు ఎంతో అనుకూలం, ఎందుకో కింద తెలుస్తుంది. బస్సులో వచ్చేవారు మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌లో, కరీంనగర్, నిజామాబాద్ వైపు వారైతే జూబ్లీ బస్ స్టేషన్‌లో దిగుతారు. ప్రైవేటు బస్సువాళ్ళు ఎల్బీ నగర్, కూకట్‌పల్లి, మియాపూర్ లాంటి చోట్ల దించుతారు కాబట్టి దిగే చోటు పేరు ముందే అడిగి రాసుకోవాలి.

నాలుగో మెట్టు: గది ఎక్కడ తీసుకోవాలి

బంధువుల ఇంట్లో దిగవద్దు. ఇది మర్యాద తక్కువ మాట కాదు. అత్తయ్య ఎంత ప్రేమగా చూసుకున్నా, రాత్రి ఎనిమిదికి భోజనానికి రమ్మంటారు, ఆదివారం గుడికి తోడు రమ్మంటారు, "ఇంత దూరం వచ్చి ఏం చేస్తున్నావు నాయనా?" అని అడుగుతారు. ఒకరోజు వెళ్ళి భోంచేసి రండి, సామాను మాత్రం గదిలోనే ఉంచండి.

ఆ గది ఎక్కడ అన్నదానికి మెట్రో పటం చూస్తే జవాబు దొరుకుతుంది. 2020లో మొదలైన ఆకుపచ్చ లైను జూబ్లీ బస్ స్టేషన్ నుంచి మహాత్మా గాంధీ బస్ స్టేషన్ వరకు 11 కిలోమీటర్లు నడుస్తుంది. అది ముషీరాబాద్, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ, సుల్తాన్ బజార్ మీదుగా వెళ్తుంది. తెలుగు చదువరికి కావలసిన హైదరాబాద్ దాదాపు అంతా ఈ చిన్న గీత పక్కనే ఉంది. చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం, త్యాగరాయ గానసభ ఉన్నాయి. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ నుంచి బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం దగ్గరే. సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, చివర బస్ స్టేషన్ నుంచి నడిచి వెళ్ళే దూరంలో అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉన్నాయి. అదే స్టేషనులో ఎర్ర లైను ఎక్కితే నాంపల్లి, అసెంబ్లీ, లక్డీకాపూల్ వస్తాయి, రవీంద్రభారతి అక్కడే. కాబట్టి చిక్కడపల్లి, నారాయణగూడ, కాచిగూడ, కోఠి ప్రాంతాల్లో ఎక్కడ గది తీసుకున్నా మీ రాకపోకల ఖర్చు సగానికి తగ్గుతుంది. మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో స్నేహితుడి ఫ్లాటులో ఉచితంగా ఉండే అవకాశం వచ్చినా, రోజూ మూడు గంటలు దారిలోనే పోతాయని గుర్తుంచుకోవాలి.

గదిని పరీక్షించేటప్పుడు మంచం కన్నా ముందు బల్లను చూడండి. రాసుకోవడానికి ఒక బల్ల, కుర్చీ, రాత్రి చదవడానికి సరిపడే దీపం, తలుపుకు లోపలి గడియ, ఇవి ఉంటే చాలు. హాస్టళ్ళలో రోజు లెక్కన ఇచ్చేవి ఉన్నాయి కానీ నలుగురు పంచుకునే గదిలో రాయడం కష్టం. మన ఉదాహరణ కథకు మాత్రం రెండు రాత్రులు అలాంటి హాస్టల్లోనే పడుకోవడం మంచిది, ఆ రెండు రాత్రులు మీకు రాతబల్ల కన్నా ఎక్కువ ఇస్తాయి. ఎక్కడ దిగినా ఆధార్ అడుగుతారు, అసలు కార్డుతో పాటు నకళ్ళు కూడా ఉంచుకోండి.

ఐదో మెట్టు: సంచిలో ఏముండాలి

చేతిలో ఇమిడే చిన్న నోటుపుస్తకాలు మూడు, పెద్దది ఒకటి. పెన్నులతో పాటు పెన్సిళ్ళు, ఎందుకంటే పాత సంపుటాల దగ్గర పెన్సిల్ వాడడమే మర్యాద. ముక్కుకు గుడ్డ లేదా మాస్కు, పాత కాగితపు దుమ్ము తేలికగా పోదు. ఫోను ఛార్జర్, పవర్ బ్యాంకు, నీళ్ళ సీసా, నడవడానికి అలవాటైన చెప్పులు. తిరుగు ప్రయాణంలో పుస్తకాల కోసం మడత పెట్టే ఖాళీ సంచి ఒకటి.

డబ్బును గది, తిండి, రాకపోకలు, పుస్తకాలు, అత్యవసరం అని ఐదు భాగాలు చేసి, పుస్తకాల భాగాన్ని విడి కవరులో నోట్ల రూపంలో ఉంచుకోవడం నా సలహా. ఫోనుతో చెల్లించడం మొదలుపెడితే మొదటి ఆదివారమే ఆ లెక్క దాటిపోతుంది. సిటీ బస్సుల్లో 24 గంటలు చెల్లే టీ-24 టికెట్టు ఉంది, ఎక్కువ తిరిగే రోజున అది ఆదా. తెలంగాణ చిరునామా గుర్తింపు కార్డు ఉన్న మహిళలకు 2023 డిసెంబరు నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఆంధ్రప్రదేశ్ కార్డు ఉన్నవారు టికెట్టు కొనాలి.

ఆరో మెట్టు: గ్రంథాలయాల్లో రెండు మూడు రోజులు

మొదటి సోమవారం పొద్దున నేరుగా గ్రంథాలయానికే వెళ్ళండి. సాహిత్యకారులను కలవడం, సభలు, టీ కొట్లు అన్నీ తర్వాత. చదువుకున్న తర్వాత చూసిన వీధి మనకు వేరే వీధిలా కనిపిస్తుంది.

అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం 1891లో అసఫియా గ్రంథాలయంగా పుట్టింది, మూసీ ఒడ్డున ఉన్న ఇప్పటి భవనంలోకి 1936లో వచ్చింది. ఎత్తైన ఆ మెట్లు ఎక్కి లోపలికి వెళ్ళగానే భవనాన్ని చూసి మురిసిపోవడంలో అరగంట గడిచిపోతుంది, గడవనివ్వండి. తర్వాత పనిలో దిగండి. సుల్తాన్ బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901లో మొదలైంది. నిజాం రాజ్యంలో తెలుగు చదువు కోసం కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు లాంటివారు నిలబెట్టిన సంస్థ అది. అక్కడ ఒక గంట కూర్చోవడం ఏ రచయితకైనా అవసరమని నేను అనుకుంటాను. పాత తెలుగు పత్రికల కోసం సుందరయ్య విజ్ఞాన కేంద్రం. నిజాం కాలపు సర్కారీ కాగితాలు కావలసినవారు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళ్ళాలి, అక్కడ అనుమతి కోసం పరిచయ లేఖ, దరఖాస్తు ముందుగానే సిద్ధం చేసుకోవాలి.

పని చేసే తీరు ఇది. వెళ్ళే ముందు ఫోన్ చేసి ఆ రోజు తెరిచి ఉంటుందో లేదో కనుక్కోండి. గ్రంథాలయాల వారపు సెలవు ఆదివారమే అయి ఉండనక్కరలేదు. కౌంటరు దగ్గర "పాత పత్రికలు ఉన్నాయా?" అని అడగవద్దు, పత్రిక పేరు, ఏడాది, నెల రాసిన చీటీ ఇవ్వండి. బౌండు సంపుటం చేతికి రాగానే దాన్ని బల్ల మీద పూర్తిగా పరచి, పేజీ పైమూల పట్టుకుని నెమ్మదిగా తిప్పాలి. కింది మూలను వేలితో లాగితే పాత న్యూస్‌ప్రింటు విరిగిపోతుంది. ఫొటో తీయడానికి అనుమతి అడగండి. ఇస్తే ప్రతి పేజీకి ముందు సంచిక తేదీ ఉన్న పేజీని కూడా ఒకసారి తీయండి, లేకపోతే ఇంటికి వచ్చాక ఏ ముక్క ఏ తేదీదో తేలదు. వెతుకుతున్న వ్యాసం పక్కన ఉన్న ప్రకటనలు వదలకండి. సబ్బు ధర, అద్దె ఇళ్ళ ప్రకటన, సినిమా హాలు సమయాలు కథకు వ్యాసం కన్నా ఎక్కువ పనికొస్తాయి. సిబ్బందిని "సార్", "మేడమ్" అని పిలిచి, వచ్చిన పని రెండు వాక్యాల్లో చెప్పండి. గ్రంథాలయంలో పాతికేళ్ళు పనిచేసిన మనిషికి పట్టికలో లేని విషయాలు చాలా తెలుసు, కుతూహలంతో వచ్చినవారికి చెప్పడం వారికి ఇష్టం కూడా.

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం సంగతి వేరు. అక్కడ మీరు పుస్తకాలను కాక చదివేవారిని చూడాలి. పోటీ పరీక్షల అభ్యర్థులతో ఆ హాళ్ళు నిండి ఉంటాయి. ఒక కుర్చీ మీద మనిషి ఉండడు, బల్ల మీద నీళ్ళ సీసా, అట్ట చిరిగిన కరెంట్ అఫైర్స్ పుస్తకం, వాటి పక్కన మడిచిన రుమాలు ఉంటాయి. ఆ కుర్చీలో ఎవరూ కూర్చోరు. అది ఎవరిదో అందరికీ తెలుసు. ఈ ఒప్పందం ఎక్కడా రాసి ఉండదు. మీ కథలోని యువకుడు మొదటిరోజు తెలియక అలాంటి కుర్చీలో కూర్చుంటే ఏం జరుగుతుందో ఆలోచించండి. మీ ప్రశ్నల పట్టీలో "కుర్చీ ఎలా దొరుకుతుంది?" అన్నదానికి జవాబు వచ్చింది, దానితో పాటు ఒక సన్నివేశం కూడా వచ్చింది.

ఏడో మెట్టు: వీధిలో చూడడం, రాసుకోవడం

నగరాన్ని చూడడానికి ఒక చోటుకు మూడు వేర్వేరు వేళల్లో వెళ్ళండి, మూడు చోట్లకు ఒక్కొక్కసారి వెళ్ళడం కన్నా అది మేలు. అశోక్‌నగర్ వీధికి తెల్లవారు ఆరున్నరకు, మిట్టమధ్యాహ్నం, రాత్రి పదికి వెళ్ళండి. టిఫిన్ బండి దగ్గర, జిరాక్స్ దుకాణం ముందు, పాత నోట్సు అమ్మే చోట నిలబడండి. కొనకుండా ఎక్కువసేపు నిలబడితే అనుమానం వస్తుంది కాబట్టి ఏదో ఒకటి కొనండి, "అన్నా, ఇంకో ప్లేటు" అని అడిగిన గొంతుతోనే మాట కలపండి.

రాసుకునే విధానం గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. "అశోక్‌నగర్‌లో నిరుద్యోగుల కష్టాలు చూసి మనసు కలిచివేసింది" అని రాసుకుంటే నెల తర్వాత ఆ వాక్యంలోంచి ఒక్క అక్షరం కథ కూడా రాదు. ఇలా రాసుకోండి: "ఉదయం 7.40. ఇడ్లీ బండి. ఒకే ప్లేటు ఇద్దరు పంచుకున్నారు. ఒకతను: 'అమ్మకు జెప్పిన, ఇదే ఆఖరని.' రెండో అతను ఏమీ అనలేదు, చట్నీ మళ్ళీ వేయించుకున్నాడు. చేతికి రాఖీ, రంగు వెలిసింది." సమయం, చోటు, అన్న మాట అన్నట్లుగా, కనబడిన ఒక వస్తువు. మీ అభిప్రాయం రాత్రికి రాసుకోవచ్చు. మాటలను మీ జిల్లా యాసలోకి దిద్దవద్దు, వినబడినట్లే రాయాలి. విజయనగరం నుంచి వచ్చిన రచయిత హైదరాబాద్ పాత్రతో విజయనగరం మాట పలికిస్తే చదివేవారు రెండో పేజీలోనే పట్టేస్తారు.

ఎవరి ఎదుటా నోటుపుస్తకం తీసి గబగబా రాయకండి. పక్కకు వెళ్ళి ఐదు నిమిషాల్లో రాసుకోండి. మాటలను ఫోనులో రికార్డు చేయాలంటే అడిగి చేయాలి. కూలి అడ్డా మీద నిలబడినవారి ముఖాల మీదికి కెమెరా పెట్టడం నాకు క్షమించరాని పనిగా తోస్తుంది. వాళ్ళు పని కోసం ఎదురుచూస్తున్నారు, మన కథ కోసం కాదు. కథలో పేరు, ఊరు, వృత్తి మార్చినా, ఆ మనిషిని తెలిసినవారు గుర్తుపట్టేంత ప్రత్యేకమైన వివరం ఉంటే దాన్ని కూడా మార్చాలి.

ఒక పూట నగరం అడ్డంగా ప్రయాణం చేయండి. కోఠిలో 127కె బస్సు ఎక్కితే అది లక్డీకాపూల్, మాసబ్ ట్యాంక్, జూబ్లీహిల్స్ మీదుగా మాదాపూర్ దాటి కొండాపూర్ చేరుతుంది. కిటికీ పక్కన కూర్చుని, ఎక్కేవారి బట్టలు, సంచులు, భాష ఏ స్టాపు దగ్గర మారుతున్నాయో రాసుకోండి. కారులో వెళ్ళేవారికి ఈ నగరం ఎప్పటికీ కనబడదు.

ఇంకొక పూట మూసీ ఒడ్డుకు. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరదలో వేలమంది కొట్టుకుపోయారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు, ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలోనే తల్లిని, భార్యను, కూతురిని పోగొట్టుకున్నాడు. ఆ తర్వాతే ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు. రోగుల బంధువులు అన్నం మూటలు విప్పుకుని కూర్చునే ఆ ఆవరణలో నిలబడి ఇదంతా తలుచుకుంటే, ఒక చోటుకు ఎన్ని పొరలుంటాయో ఏ రచనా శిక్షణ తరగతిలోనూ తెలియనంతగా తెలుస్తుంది. చార్మినార్ కూడా చూడండి, కానీ దుకాణాలు తెరవక ముందు, తెల్లవారగానే. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు.

ఎనిమిదో మెట్టు: రెండు ఆదివారాలు

ఆదివారం అబిడ్స్‌లో దుకాణాలు మూసి ఉంటాయి, ఆ మూసిన షట్టర్ల ముందు పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. నాంపల్లి మెట్రోలో దిగి నడిచి వెళ్ళవచ్చు. మొదటి ఆదివారం పొద్దున్నే వెళ్ళి ఒక చివర నుంచి మరో చివర దాకా ఏమీ కొనకుండా ఒకసారి నడవండి. ఇంగ్లీషు నవలల కుప్పలు ఎక్కువ, తెలుగు పుస్తకాలు కుప్ప అడుగున ఉంటాయి. వంగి, కూర్చుని, చేతులు మురికి చేసుకోవాలి. కావలసిన పుస్తకం కనబడగానే ముఖంలో సంబరం చూపకుండా, దానితో పాటు మరో రెండు చేతిలోకి తీసుకుని మొత్తం ధర అడగండి. లోపలి పేజీలు చిరిగిపోలేదని చూసుకోండి. పాత సొంతదారు సంతకం, ఊరు, తేదీ ఉన్న ప్రతి దొరికితే నేను అదే తీసుకుంటాను.

కొత్త పుస్తకాలకు కాచిగూడ చౌరస్తాలోని నవోదయ బుక్ హౌస్‌కు వెళ్ళండి. అక్కడ కొత్తగా రాస్తున్నవారి సంపుటాలు వరుసగా నిలబడి ఉంటాయి. వాటిని తిరగేస్తే మీ తరం వాళ్ళు ఏం రాస్తున్నారో, మీరు రాయాలనుకున్నది ఇప్పటికే ఎవరైనా రాశారో తెలుస్తుంది. ఇది తెలుసుకోవడానికి సిగ్గుపడకూడదు, తెలుసుకోకుండా రాయడమే నష్టం.

తొమ్మిదో మెట్టు: సాహిత్యకారులను కలవడం

దినపత్రికల హైదరాబాద్ అనుబంధంలో ఆ రోజు జరిగే కార్యక్రమాల పట్టీ వస్తుంది. రవీంద్రభారతి, త్యాగరాయ గానసభ, సుందరయ్య విజ్ఞాన కేంద్రం, బంజారాహిల్స్‌లోని లామకాన్, వీటిలో ఎక్కడో ఒక చోట సాయంత్రం పుస్తకావిష్కరణో చర్చో ఉంటుంది. ఆహ్వానం అక్కరలేదు. వెనక వరుసలో కూర్చుని పూర్తయ్యేదాకా ఉండండి. అసలు మాటలు సభ ముగిశాక టీ తాగేటప్పుడు మొదలవుతాయి.

ఇంటికి వెళ్ళి కలవాలనుకునే రచయితలు ఇద్దరికి మించి ఉండకూడదు. వారం ముందే సందేశం పంపండి: "నమస్కారమండీ. మాది పార్వతీపురం. మీ కథలు చదివాను. వచ్చే మంగళ, బుధవారాల్లో హైదరాబాద్‌లో ఉంటాను. వీలుంటే అరగంట కలవాలని ఉంది. కుదరకపోతే ఫోనులోనైనా రెండు ప్రశ్నలు అడుగుతాను." జవాబు రాకపోతే ఇంకొకసారి గుర్తు చేసి ఊరుకోండి. వెళ్ళినప్పుడు మీ రాతప్రతుల కట్ట తీసి ముందు పెట్టవద్దు, వారు అడిగితే ఒకే ఒక్క కథ ఇవ్వండి. ముందుమాట రాయమని మొదటి పరిచయంలో అడగడం పెద్దవారిని ఇరకాటంలో పెట్టడమే. "ఈ కథలో ముగింపు ముందు ఇలాగే ఉండేదా అండీ?" లాంటి పని ప్రశ్నలు అడగండి, ఏ రచయితైనా వాటికి మనసు విప్పుతారు.

పత్రికాఫీసుల చుట్టూ తిరగనక్కరలేదు. కథలు ఇప్పుడు యూనికోడ్‌లో టైపు చేసి ఈమెయిలులో పంపాలి. సినిమా కథ చెబుదామని కృష్ణానగర్ వెళ్ళేవారికి ఒక్క మాట: అవకాశం ఇప్పిస్తామని డబ్బు అడిగినవారి దగ్గర ఒక్క నిమిషం కూడా ఆగవద్దు. డబ్బు కడితే పుస్తకం వేస్తామనేవారితోనూ తొందరపడి ఒప్పందం చేసుకోవద్దు. మీరు రాసినదానికి కాపీరైటు రాసిన క్షణంలోనే మీకు వస్తుంది, 1957 చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా రుజువు కోసం పూర్తి ప్రతిని మీకు మీరే ఈమెయిలు చేసుకుని తేదీతో భద్రపరచుకోవడం మంచి అలవాటు.

పదో మెట్టు: ప్రతి రాత్రీ రాత

రాత్రి తొమ్మిదికల్లా గదికి చేరి, చిన్న నోటుపుస్తకంలోని ముక్కలను పెద్ద పుస్తకంలోకి పూర్తి వాక్యాలుగా ఎక్కించాలి. ఎంత అలసినా ఈ పని మర్నాటికి వాయిదా వేయకూడదు. విన్న మాటలోని విరుపు ఒక నిద్ర తర్వాత మనకు తెలియకుండానే మన సొంత వాక్యంలా మారిపోతుంది. తర్వాత ప్రశ్నల పట్టీ తీసి, జవాబు దొరికినవి కొట్టివేసి, ఆ రోజు పుట్టిన కొత్త ప్రశ్నలు చేర్చండి. నాలుగో రోజు ఉదయం ఎక్కడికీ వెళ్ళకుండా గదిలోనే కూర్చుని కథ మొదటి నాలుగు పేజీలు రాయండి. నగరంలో ఉండగానే రాస్తే మీకు ఇంకా ఏం తెలియదో స్పష్టంగా బయటపడుతుంది, మిగతా రోజుల్లో వెళ్ళి చూసి రావచ్చు. ఊరికి తిరిగి వచ్చాక బయటపడితే మళ్ళీ టికెట్టు కొనాలి.

ఒంటరితనం, భద్రత

మూడో రోజో నాలుగో రోజో మనసు దిగులుగా ఉంటుంది. ఇది అందరికీ జరుగుతుంది, ప్రయాణం తప్పయిందని అనుకోవద్దు. ఆ సాయంత్రం ఇరానీ హోటల్లో కూర్చుని చాయ్ తాగి, ఇంటికి ఫోన్ చేసి, త్వరగా పడుకోండి. రోజూ ఒకే సమయానికి ఇంట్లో ఒకరికి ఎక్కడున్నారో చెప్పే ఏర్పాటు ముందే చేసుకోవాలి. మహిళలు రాత్రి పూట ప్రయాణాలకు మెట్రోలో మహిళలకు కేటాయించిన భాగాన్ని ఎంచుకోవచ్చు, వేధింపు ఎదురైతే 112కు గానీ 100కు గానీ ఫోన్ చేయాలి, 2014 నుంచి పనిచేస్తున్న పోలీసుల షీ టీమ్స్‌కు ఫిర్యాదు చేయవచ్చు. సభ ముగిశాక ఆలస్యమైతే దించుతామని కొత్తవారు ఎంత మర్యాదస్తులుగా అడిగినా కాదనడంలో తప్పు లేదు. నోటుపుస్తకాల పేజీలను రోజూ రాత్రి ఫోనుతో ఫొటో తీసి ఈమెయిలులో దాచుకోండి. ఫోను పోతే కొనుక్కోవచ్చు, తొమ్మిది రోజుల నోట్సు పోతే మళ్ళీ రావు.

తిరిగి వచ్చాక

మొదటి వారంలోనే నోట్సు అంతా టైపు చేయాలి. తేదీలు, స్టేషన్ల పేర్లు, బస్సు నంబర్లు, పరీక్షల సంవత్సరాలు ఒక విడి కాగితం మీదికి తీసి, కథ పూర్తయ్యాక ఒక్కొక్కటీ సరిచూడాలి. పాఠకుడు కల్పనను నమ్ముతాడు కానీ తప్పు స్టాపులో దిగిన పాత్రను నమ్మడు. మీకు సమయం ఇచ్చినవారికి ఫోన్ చేసి క్షేమంగా చేరానని చెప్పండి. కథలో ఉర్దూ మాటలో హైదరాబాద్ తెలంగాణ పలుకుబడో ఉంటే, అక్కడ పరిచయమైనవారిలో ఒకరికి ఆ సంభాషణల భాగం పంపి, నోటి మాటలాగే ఉందో లేదో చదివి చెప్పమనండి. వారు దిద్దిన ప్రతి మాటనూ మార్చాకే పత్రికకు పంపండి. కథ అచ్చయిన రోజున చీటీ అందుకుని సంపుటం తెచ్చి ఇచ్చిన గ్రంథాలయ ఉద్యోగికి, గది పంచుకున్న ఆ హాస్టల్ కుర్రాడికి ఒక్కో ప్రతి పోస్టులో పంపండి.